మంచం మారితే రకం మారింది

2011లో సకల జనుల సమ్మె మొదలైనప్పుడు నేను మహబూబాబాద్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో ఉన్నాను. మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. సీనియర్ డిజైన్ ఇంజనీరుగా అక్కడ వార్డు ప్రోగ్రామును ఏర్పాటు చేయడం నా పని. రాసిన మందు మోతాదు హద్దు దాటితే అది తెర మీద ఎర్ర హెచ్చరిక చూపాలి. బస్సులు ఆగిపోవడంతో పని అయ్యాక కూడా జనగామలోని ఇంటికి పోలేకపోయాను.

ప్రోగ్రామును ఫంక్షనల్ పద్ధతిలో రాశాం. అందులో ఒకసారి తయారైన రికార్డును దిద్దరు, మార్పుతో కొత్తది తయారుచేస్తారు. క్లాసు అంటే ఒక రకం రికార్డుకు నమూనా; మాకు 'రోగి' మూల క్లాసు. దాని నుంచి పుట్టిన 'పసిబిడ్డ' క్లాసులో బరువు అదనం. పిల్లల మోతాదు హద్దు ఆ బరువును బట్టే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు ఒక్క గదికే చాలుతుంది గనుక పసిపిల్లలందరినీ అందులోకి తెచ్చి, కంప్యూటరులోనూ మంచాలు మార్చారు. కాసేపటికి తెర చూశాను. పేర్లున్నాయి, బరువులు లేవు. 'మంచం మార్చు' అన్న పని మూల క్లాసులో ఉంది. అది తిరిగి ఇచ్చేది ఎప్పుడూ ఉత్త 'రోగి'నే. పసికందులను ప్రోగ్రాము పెద్దవాళ్ల హద్దుతో చూస్తోంది.

గార్ల దగ్గరి తండా నుంచి వచ్చిన ఒక పాపకు అప్పుడే సూది వేశారు. హెచ్చరిక ఏదీ రాలేదు. తెరను నమ్మవద్దని డాక్టరుకు పరుగున వెళ్లి చెప్పాను. ఆయన వెంటనే పాపను మళ్లీ తూకం వేయించి, కాగితం మీద లెక్క మొదలుపెట్టారు. తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"సూది ఇచ్చినంక మల్ల తూకమేంది మేడం? నా బిడ్డకు ఏమన్న అయితదా?"

"సారు చూస్తున్నరు చెల్లె, జర ఆగు" అన్నాను.

మోతాదు సరిపోయింది. డాక్టరు సరిగ్గా రాయడం వల్ల పాప క్షేమంగా ఉంది. అందులో మా ప్రోగ్రాము చేసిందేమీ లేదు. చేతిలెక్కతోనే మందులివ్వమని కోరి, ఆ భాగం రాసిన, హైదరాబాద్‌లో ఉన్న సహోద్యోగి సురేందర్‌కు ఫోన్ చేశాను.

"పసిబిడ్డ క్లాసుల మంచం మార్చుడు మల్ల రాస్తే అయిపోతది అక్కా" అన్నాడు.

"రేపు రోగిని చూసే డాక్టరు పేరు మార్చినా గిదే గతి. మూలంలనే సరిచెయ్యాలె."

చివరికి మూల క్లాసుకే ఒక టైపు పారామీటరు, అంటే తిరిగి ఇవ్వాల్సిన రకం పేరు నింపే ఖాళీ, ఇచ్చాం. దాని నుంచి పుట్టే ప్రతి క్లాసూ అందులో తన పేరే నింపాలి. అంటే 'పసిబిడ్డ' నిర్వచనంలోనే 'పసిబిడ్డ' వస్తుంది, దాన్ని మార్చితే వచ్చేదీ పసిబిడ్డే. తనచుట్టూ తానే తిరిగే ఈ నిర్వచనాన్ని, కోడును సరిచూసి యంత్రభాషలోకి మార్చే కంపైలరు ఒప్పుకుంటుందా అని భయపడ్డాను. ఒప్పుకుంది. పైగా డాక్టరును మార్చే చోట ఇంకా ఉత్త రోగే వస్తోందని తప్పు పట్టింది. అదీ సరిచేశాకే ప్రోగ్రామును తిరిగి వార్డుకు ఇచ్చాం.

మూల క్లాసు రాసేవారు, దాని నుంచి పుట్టే క్లాసులకు తిరిగి ఏ రకం అందుతుందో నిర్వచనంలోనే చెప్పాలి. దాన్ని మనుషుల జ్ఞాపకానికి వదిలేయకూడదు. ఇక, హెచ్చరిక రాలేదంటే అంతా బాగుందని అనుకోవద్దు. అసలు తనిఖీయే జరగకపోయి ఉండవచ్చు.