పెళ్లి లేకుండానే రంగులు

పెయింటర్ నిచ్చెన ఆటోలోంచి ఇంకా పూర్తిగా దిగనే లేదు, ఎదురింటి చిన్నమ్మ మా గేటు పట్టుకుని నిలబడింది.

"ఏం బిడ్డా, కుదిరిందా? ఎక్కడోళ్లు?"

"ఏం కుదరలే చిన్నమ్మా. గోడలకు రంగేయిస్తున్న, అంతే."

"ఉత్తగనే ఎవరన్న ఏయిస్తరా!" అని నవ్వి, నన్ను దాటుకుని, అసలు సంగతి అమ్మను అడగడానికి లోపలికే వెళ్లిపోయింది.

మా కర్దనూర్‌లో ఇంతే. ఒక ఇంటికి రంగు పడుతోందంటే ఆ ఇంట్లో పెళ్లి ఉన్నట్టు. గోడలు పెచ్చులూడనీ, వానకు చారలు కట్టనీ, పెళ్లి కుదిరేదాకా ఎవరూ బ్రష్షు ముట్టరు. కుదిరిందా, మర్నాడే డబ్బాలు దిగుతాయి. చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి, చేన్లు ప్లాట్లయ్యాయి, పక్క నుంచే రింగు రోడ్డు పోయింది, ఈ లెక్క మాత్రం మారలేదు. నాకు నలభై దాటాయి, పెళ్లి కాలేదు. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనే. అలాంటి ఇంటికి నిచ్చెన వస్తే ఊరు ఊరుకుంటుందా?

నేను ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. అక్కడ గోడ తెలుపు, కోటు తెలుపు, టోపీ తెలుపు, పరీక్షించే పొడి కూడా తెలుపే. షిఫ్టు దిగి కంపెనీ బస్సులో ఇంటికొస్తే మా హాలు క్రీమ్ రంగు. తెలుపుకు సొంత చెల్లెలు.

ఆ క్రీమ్ రంగు ఎలా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా డిగ్రీ అయ్యాక సంబంధాలు చూడటం మొదలుపెట్టినప్పుడు హాలు ఆకుపచ్చగా ఉండేది. పిల్లను చూడ్డానికి వచ్చిన ఒకావిడ టీ తాగి, బిస్కెట్లు తిని, పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "పచ్చ గోడ ముంగట పిల్ల నల్లగ కనిపిస్తున్నది. క్రీమ్ కలర్ ఏయించుండ్రి, జెర తెల్లగ కొడ్తది" అని సలహా ఇచ్చింది. వాళ్లు మళ్లీ రాలేదు. సలహా మాత్రం ఉండిపోయింది. పాపం నాన్న వారం తిరక్కుండా క్రీమ్ వేయించాడు. పెళ్లి కుదరకుండా మా ఇంటికి రంగు పడ్డది అప్పుడొక్కసారే. అప్పుడూ ఊరంతా అడిగింది, ఎక్కడోళ్లని.

ఆ గోడకు ఆనించి ఒక చేతుల కుర్చీ ఉండేది, నాన్న టేకుతో చేయించింది. వచ్చినవాళ్లందరికీ ట్రేలో టీలు అందించి, నేను వెళ్లి ఆ కుర్చీలో కూర్చోవాలి. అడిగినదానికి జవాబు చెప్పాలి, ఇక లేవమ్మా అన్నప్పుడు లేవాలి. ఫొటోలు కూడా ఆ గోడ ముందరే తీయించారు. ఏళ్లు గడిచాయి. వచ్చేవాళ్లు తగ్గారు, ఆ తర్వాత ఆగిపోయారు. హాలు మాత్రం ఈ పూటో రేపో ఎవరో వస్తున్నారన్నట్టే ఉండేది. సోఫాకు కవర్లు, మూలన పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ఒక్క మేకు లేదు. మేకు కొడితే గోడ పాడైతదట!

ఆ హాల్లో నేను కూర్చోలేను. మాటవరసకు చెప్పడం లేదు, నిజంగానే కూర్చోలేను. అన్నం నిలబడి తింటాను. ఫోను తిరుగుతూ మాట్లాడతాను. టీవీ తలుపుకు ఆనుకుని చూస్తాను. "కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతవేందే, ఒక్క తాన కూసోరాదు" అని అమ్మ రోజూ అంటుంది. ఆ కుర్చీ కంటబడితే చాలు, నా కాళ్లు వాటంతటవే వంటింట్లోకి పోతాయి. నా ఇంట్లో నేను కూర్చోలేకపోవడమేమిటని ఒక ఆదివారం పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే పటాన్‌చెరు వెళ్లి రంగుల కార్డు తెచ్చాను.

కుర్చీ వెనక గోడకు నెమలి కంఠం రంగు అనుకున్నాను. కిటికీ ఉన్న గోడకు పసుపు, లేతది కాదు, కొమ్ములు దంచిన పసుపంత ముదురు. షోకేసు గూటికి రాణీ రంగు. నాలుగో గోడ దగ్గర మాత్రం తేలలేదు. దాని మీద ఇటుక రంగొక చదరం, వంకాయ రంగొక చదరం, మామిడాకు రంగొక చదరం వేయించి పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి చూసుకుంటూ తిరిగాను.

"అక్కా, ఒక్క హాలుకు ఇన్ని రంగులా? బర్దాష్ అయితదా?" అన్నాడు పెయింటర్.

"గోడకా, నాకా?"

"అమ్మకు," అన్నాడు.

నెమలి కంఠం మొదటి పూత పడ్డాక చూద్దును కదా, మచ్చలు మచ్చలుగా, గోడకు తామర లేచినట్టుంది. రెండో పూతకు సాపు అయితదని అతను చెబుతూనే ఉన్నాడు, నా చెవికెక్కితేగా. అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసి, "ఇల్లును సర్కస్ డేరా చేసినవ్ కదనే" అంది. నాకూ అలాగే అనిపిస్తోంది కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

అయితే అసలు గొడవ రంగుల గురించి కాదు. మర్నాడు బస్సు దిగేసరికి చిన్నమ్మ మళ్లీ ఎదురైంది. "మీ అమ్మ చెప్పింది తియ్యి, నువ్వే దాస్తున్నవ్" అంది. ఏం చెప్పిందని అడిగితే, 'దేవుడు కన్ను తెరిస్తే సూద్దాం' అందట. చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి పోయాను.

"పెండ్లి లేదు, ఏం లేదని చెప్పొచ్చు కదనే? గంత చిన్న మాటకు ఏమైతది నీకు?"

అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. "లేదని నా నోటితోని నేనెట్ల చెప్పాలె బిడ్డా? నేను ఒక్కసారి లేదంటే ఇగ లేనట్టే."

ఆ మాటకు మనిషి ఊరుకోవాలి. నేను ఊరుకునే రకం కాదు.

మా వంటింటి సజ్జ మీద అమ్మ దాచిన అట్టపెట్టెలున్నాయి. నేను ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచి ఒక్కొక్కటీ కూడబెట్టింది. నీలం పూల టీ కప్పులు, ఇత్తడి పూలకుండీ, తనే కూర్చుని చిలకలు కుట్టిన దిండు గలీబులు, డబ్బాలోంచి ఒక్కసారీ బయటికి రాని గోడ గడియారం. అన్నీ 'నీ ఇంటికి' అంటుంది. ఆ మర్నాడు సెలవు పెట్టి, పెయింటర్ అన్నానికి వెళ్లినప్పుడు అతని నిచ్చెన సజ్జకు వేసి ఎక్కాను. గోడలకు రంగొచ్చాక హాలు బోసిగా ఉంచుతానా?

"దిగు!" అని పరుగెత్తుకొచ్చి నిచ్చెన పట్టుకుని అరిచింది అమ్మ. "అవి ముట్టకు. అవి నీ ఇంటియి."

"మరి ఇదెవరిల్లు?"

"ఇది మా ఇల్లు. నీ ఇల్లు వేరే ఉంటది."

"ఎక్కడుంది చెప్పు, ఆటో మాట్లాడుకోని ఇప్పుడే పోత." అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "ఇగ ఎవ్వరు రారమ్మా," అన్నాను. "ఎవ్వరు రారు."

అమ్మ నిచ్చెన పట్టుకున్న చెయ్యి తీసేసింది. నేను దిగేసరికి రెండు చీరలు సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంటోంది. కందిలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోతున్నానని గోడతో చెప్పినట్టు చెప్పి, షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

రెండో పూత పడింది. పెయింటర్ చెప్పింది నిజమే, సాపుగా, నిండుగా వచ్చింది. పసుపు గోడ మీద పొద్దుటి ఎండ పడితే ఇల్లంతా వెలుగు. నాలుగో గోడకు చివరికి ఇటుక రంగే వేయించాను. పెయింటర్ నిచ్చెన ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఇక ఆ హాల్లో నేనూ, నా రంగులూ. సోఫాను కిటికీ కిందికి జరిపాను, నచ్చలేదు, మళ్లీ వెనక్కి లాగాను. మెషిన్లు ప్యాక్ అయి వచ్చే చెక్కపెట్టెల పలకలతో బెంచీలు చేసి హైవే పక్కన అమ్ముతారు, ఒకటి తెచ్చాను. నాయనమ్మ రాగి గంగాళం తోమి మూలన పెట్టి అందులో గొడుగులు నిలబెట్టాను. బాగుంది. అయితే ఏంటి? 'సర్కస్ డేరా' అనే మనిషి లేకపోతే ఆ రంగులు ఎవరికి చూపించాలి? గెలిచినట్టే లేదు. నాకు అమ్మ కావాలనిపించింది.

కంది వెళ్లాను. అమ్మ పిన్ని వాళ్ల అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. "పోదాం రా" అంటే, "పనున్నది" అంది. చిక్కుడుకాయల పని! పిన్ని వాళ్ల వీధిలో, అక్కడి పెద్ద కాలేజీ క్యాంపస్‌లో పనిచేసే ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముకుంటోంది. ఒట్టి చేతులతో తిరిగి రావడానికి రోషమొచ్చి ఒక పేము కుర్చీ కొన్నాను. అలా అమ్మ కోసం పోతే, అమ్మ రాలేదు, కుర్చీ వచ్చింది.

కొత్త కుర్చీ వచ్చింది కదా అని టేకు కుర్చీని వరండాలోకి ఈడ్చాను. కాసేపటికి లోపలికి తెచ్చాను. నాన్న చేయించింది, వానలో తడుస్తుందేమోనని. తెచ్చాక కళ్ల ముందు ఉంటే ఊపిరాడలేదు, మళ్లీ బయటికి. ఆఖరికి నడుము పట్టేసి, నెమలి కంఠం గోడ దగ్గర, పాత చోటులోనే వదిలేశాను. అందులో మాత్రం కూర్చోలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున అమ్మ తనంతట తనే ఆటో దిగింది. సంచి చేతిలోనే ఉంది, గుమ్మంలో ఆగి నాలుగు గోడలూ చూసింది. ఏమైనా అంటుందేమోనని చూస్తున్నాను. ఏమీ అనకముందే వెనకాల చిన్నమ్మ హాజరు. ఆవిడకు ఆటో చప్పుడు ఎలా వినబడుతుందో!

"వచ్చినవా అక్కా? ఇంటికి రంగులు గూడ అయినయ్. ఇగ తారీకు చెప్పు. గా పని మీదనే పోయినవ్ కద?"

నేను నోరు తెరిచాను. అమ్మ నాకంటే ముందు మాట్లాడింది.

"పెండ్లి లేదు చెల్లె. ఏం లేదు." సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, మళ్లీ అంది. "నా బిడ్డ ఇంటికి నా బిడ్డ రంగులేసుకున్నది."

చిన్నమ్మ నా మొహం చూసింది, నేను అమ్మ మొహం చూశాను. అమ్మ సంచి కింద పెట్టి, "గట్ల సూస్తరేంది ఇద్దరు? నువ్వు స్టూలు ఎయ్యి. చెల్లె, నువ్వు జెర గట్టిగ పట్టుకో" అంది.

స్టూలెక్కి పెట్టెలు ఒక్కొక్కటే అందించాను. కప్పులకు చుట్టిన పేపర్లు పట్టుకుంటే పొడైపోతున్నాయి. గడియారానికి సెల్లు వేస్తే తిరిగింది. ఇటుక రంగు గోడకు మొదటి మేకు అమ్మే కొట్టించింది. నీలం పూల కప్పులు కడిగి టీ పోస్తుంటే, అలవాటు కొద్దీ నేను ట్రే అందుకోబోయాను. అమ్మ నా చేతిమీద ఒక్కటేసింది.

"నువ్వు పోయి కూసో."

బెంచీ చూశాను, పేము కుర్చీ చూశాను. వెళ్లి టేకు కుర్చీలో కూర్చున్నాను. అమ్మ ట్రే పట్టుకుని వచ్చి, చిన్నమ్మ కంటే ముందు నాకిచ్చింది. తర్వాత తన కప్పు తీసుకుని ఎదురుగా సోఫాలో, వచ్చినవాళ్లు కూర్చునే చోట కూర్చుంది. నన్నూ నా వెనక గోడనూ చాలాసేపు చూసింది.

"ఈ రంగు ముంగట నల్లగనే కనిపిస్తున్నవ్," అంది.

నాకు చుర్రుమంది. లేవబోయాను.

"లేవకు. మంచిగున్నవ్," అంది అమ్మ. "తాగు, సల్లారుతది."

తాగాను. కూర్చునే తాగాను.