చిన్నాయన నర్సరీ కనిపించకుండా పోయిన ఏడాది

మా నాయన టెలిఫోన్ లైన్‌మన్‌గా పుంగనూరు చుట్టుపక్కల స్తంభాలెక్కి రిటైరైన మనిషి. ఆయనకు ఏదీ ఊరకే నచ్చేది కాదు. ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే దాని వెనుక ఎవరున్నారో తెలుసుకునేదాకా దాన్ని అనుమానంగానే చూసేవాడు. నేను పుంగనూరు బస్టాండు దగ్గర మేడ మీద గది తీసుకుని ఇంటర్నెట్ సెంటరు పెడతానన్నప్పుడు అందరూ ఎంత పెట్టుబడి, ఎవరొస్తారు అని అడిగారు. ఆయన మాత్రం, "ఆడికి వచ్చేవాళ్లు అడిగేదానికి బదులు చెప్పేది ఎవురమ్మా?" అన్నాడు. అప్పుడు ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు.

నేను కంప్యూటరు నేర్చుకున్నది మదనపల్లెలో. డిగ్రీ అయ్యాక రోజూ పొద్దున్నే టమోటా గంపలతో నిండిన బస్సులో నిలబడి పోయేదాన్ని. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో మాకు చెప్పే మేడమ్‌కి ఒక అలవాటుండేది. నెట్‌లో ఏదైనా వెతకమంటే ఒక చోట వెతికి ఊరుకోనిచ్చేది కాదు. అదే మాట ఇంకో సైటులో, మరో సైటులో కూడా కొట్టి చూడమనేది. అప్పట్లో వెతికిపెట్టే సైట్లు చాలా ఉండేవి. ఒకటి లైబ్రరీలో బీరువాల్లాగా అన్నిటినీ వర్గాలుగా సర్ది పెట్టేది. ఇంకొకటి మాట కనబడితే చాలు, పనికొచ్చినా రాకపోయినా పేజీలన్నీ తెచ్చి ముందు పోసేది. ఒక్కోదానిది ఒక్కో బుద్ధి. పట్టుపురుగుల జబ్బు గురించి వెతికితే ఒకటి జపాను పేజీలు చూపేది, ఒకటి మైసూరు పేజీలు చూపేది. నాకు అది భలే సరదాగా ఉండేది.

సెంటరు పెట్టిన కొత్తల్లో నేనూ అలాగే నడిపాను. ప్లైవుడ్డుతో చిన్న చిన్న గదులు కట్టించి, ఒక్కో సిస్టంలో ఒక్కో సైటు ముందుగా తెరుచుకునేలా పెట్టాను. పరీక్షా ఫలితాల కోసం పిల్లలు వచ్చేవారు. మదనపల్లె దగ్గర అంగళ్లు అనే ఊరి కాలేజీలో చదివే ఇంజనీరింగు విద్యార్థులు శనివారాలు వచ్చి ప్రాజెక్టుల కోసం వెతుక్కునేవారు. ఆ విద్యార్థుల్లో ఎవరో మొదట నాకు కొత్త సైటు చూపించారు. తెల్లటి పేజీ, మధ్యలో ఒక డబ్బా, అంతే. బొమ్మలు లేవు, మెరిసే ప్రకటనలు లేవు. మా ఫోను లైను మీద మిగతా సైట్లు తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. ఇది మాత్రం వెంటనే వచ్చేది. అడిగింది కూడా సరిగ్గా పైననే చూపేది. కొద్ది నెలల్లో వచ్చినవాళ్లందరూ కూర్చోగానే దాన్నే తెరవడం మొదలుపెట్టారు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. నేనే విసుగొచ్చి అన్ని సిస్టాల్లో దాన్నే పెట్టేశాను.

నాయన సాయంకాలాలు వచ్చి కౌంటరు దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు గదులన్నీ తిరిగి చూసి వచ్చి అడిగాడు.

"అన్నిట్లోనూ అదే తెల్లకాయితం ఉండాది. మిగతావి యాడికి పోయినాయి?"

"ఉండాయి నాయనా. ఎవురూ సూడరు. ఇది బాగుండాది, దబ్బున వస్తాది."

"బాగుండాది, సరే. రేపు బాగలేకపోతే ఎవురిని అడుగుతావు?"

నేను నవ్వి, కొత్తగా వచ్చిన పిల్లలకు సిస్టం చూపించడానికి లేచాను.

మా చిన్నమ్మను కుప్పం దగ్గర ఇచ్చారు. చిన్నాయన అక్కడ నర్సరీ నడిపేవాడు. మామిడి అంట్లు, సపోటా, చింత. ఆయన అంటు కడితే తప్పిపోదని ఆ చుట్టుపక్కల పేరు. అయితే ఆ పేరు కుప్పం దాటేది కాదు. మదనపల్లెలో ఫోటో స్టూడియో అతని దగ్గర డిజిటల్ కెమెరా అడిగి తెచ్చి, నర్సరీని ఫోటోలు తీసి, చిన్నాయనకు నేనొక పేజీ తయారు చేసి నెట్‌లో పెట్టాను. కొన్నాళ్లకు బెంగుళూరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ రాష్ట్ర సరిహద్దు పక్కన తోటలు కొనుక్కున్నవాళ్లు, కుప్పం మామిడి అంట్లు అని డబ్బాలో కొడితే మొట్టమొదట చిన్నాయన పేజీనే వచ్చేది. ఆయన సంతోషం చెప్పనలవి కాదు. "ఎవురో కారేసుకొని వచ్చినాడమ్మా, నా ఫోటో సూసినాడంట!" అని ఫోనులో అరిచేవాడు. మొక్కలకు ఎండ తగలకుండా కొత్తగా షేడ్‌నెట్ పందిరి వేయించాడు. పనివాళ్లను పెంచాడు. ఆ ఏడాది అంట్లు ఎక్కువగా కట్టాడు.

ఆ అంట్లన్నీ అమ్మకానికి వచ్చే సమయానికి ఫోన్లు ఆగిపోయాయి.

చిన్నమ్మ ఫోను చేసింది. గొంతులో మొహమాటం వినబడుతోంది. "ఏమ్మా, నువ్వేమన్నా మార్చినావా ఆడ? ఒక్కరూ రాలేదు. మీ చిన్నాయన నిన్ను అడగమంటాండాడు."

నేనేమీ మార్చలేదు. వెంటనే వెతికి చూశాను. మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో లేదు. ఎంత వెనక్కి పోయినా లేదు. అడ్రసు నేరుగా కొడితే పేజీ తెరుచుకుంటోంది. ఫోటోలున్నాయి, ఫోను నంబరుంది. కానీ వెతికేవాడికి మాత్రం కుప్పంలో అలాంటి నర్సరీయే లేదు. కుడిపక్కన రంగు పెట్టెలో బెంగుళూరు నర్సరీ ఒకదాని ప్రకటన ఉంది.  డబ్బు కట్టినవాడిని పైన పెట్టి మావాడిని కింద తొక్కేశారనుకున్నాను.

ఇన్‌స్టిట్యూట్ మేడమ్ నేర్పిన అలవాటు గుర్తొచ్చి పాత సైటులో, ఆ బీరువాల సైటులో, వెతికాను. అక్కడా లేదు. పోనీ, రెండుచోట్లా లేదంటే తప్పు మన పేజీలోనే ఉందేమో అనుకోబోయాను. ఇంతలో ఏదో తేడాగా అనిపించి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూశాను. అవే సైట్లు, అదే వరుస. చివరికి ఒక సైటు పేరు కింద ఉన్న అక్షరదోషం కూడా రెండింట్లో ఒక్కటే. పేజీ అడుగుకు దిగితే అక్కడ చీమల్లాంటి అక్షరాల్లో రాసి ఉంది, ఈ ఫలితాలు అందిస్తున్నది ఫలానా కంపెనీ అని. ఆ ఫలానా కంపెనీ తెల్లకాయితం కంపెనీయే. పైన బోర్డు వేరు, లోపల జవాబు చెప్పేది ఒకరే. ఎన్నాళ్లుగా అలా ఉందో నాకు తెలియదు. రోజూ చూసే పేజీ అది.

నాయనకు చూపించాను. కళ్లద్దాలు పైకి తోసుకుని చదివి, "ఇంకోడి దగ్గరికి పోయినామని మనం అనుకుంటాండాము. పోయిందీ వీడి దగ్గరికే," అన్నాడు.

ఎవరూ వాడని మూడో సైటు ఒకటి మిగిలి ఉంది. అందులో వెతికితే చిన్నాయన పేజీ హాయిగా పైననే ఉంది. కానీ ఆ సైటు తెరిచేవాళ్లు ఎవరు? ఏడాది తిరక్కముందే అదీ మూతపడింది.

కంపెనీకి ఈమెయిలు రాశాను. మా చిన్నాయన నర్సరీ ఇది, నిన్నటిదాకా కనబడేది, ఎందుకు తీసేశారో చెప్పండి అని. పంపిన నిమిషానికే ధన్యవాదాలు చెబుతూ జవాబొచ్చింది. చదివితే అది మనిషి రాసింది కాదు. మళ్లీ రాశాను. మళ్లీ అదే ధన్యవాదం, అక్షరం మారలేదు. నాయన రోజూ వచ్చి, "ఏమన్నా సెప్పినారా?" అని అడిగేవాడు.

"వాళ్ల ఆఫీసు యాడుంది?"

"అమెరికాలో, నాయనా."

"మనం పోయి అడగాలంటే?"

"యాడికీ పోయేదానికి లేదు."

ఆయన కళ్లద్దాలు తీసి కౌంటరు మీద పెట్టాడు. తర్వాత మెల్లగా, నేను ఎన్నడూ వినని సంగతి చెప్పాడు. "ఫోన్లు మేమొక్కరమే ఇచ్చే కాలంలో ఊర్లో అందరూ నాకు నమస్తే పెట్టేవాళ్లు. ఫోను సచ్చిపోతే నేను ఎప్పుడు పోతే అప్పుడే బాగయ్యేది. ఎండగా ఉండాదని రేపు పోదాంలే అనుకున్న దినాలు శానా ఉండాయి. నన్ను కాదని వాళ్లు ఎవురి దగ్గరికి పోతారు? అయినా వాళ్లకు నా ఇల్లు తెలుసు. ఒకాయప్ప వాకిట్లో నిలబడుకొని మీ అమ్మ ముందరే నన్ను తిట్టినాడు. ఆ దినమే పోయి బాగు చేసినాను. వీళ్లను తిట్టేదానికి వాకిలి కూడా లేదు గదమ్మా."

అంతలోనే చిన్నాయనకు బెంగుళూరు నుంచి ఒక ఫోను వచ్చింది. వెతికే కంపెనీ తరఫునట. మీ పేజీ కనబడ్డం లేదు, మేము పైకి తెస్తాము, వచ్చి మాట్లాడతాము అన్నారట. చిన్నాయన నాకు ఫోను చేసి మండిపడ్డాడు. "తీసేసిందీ వాళ్లే, పెడతామనేదీ వాళ్లే! ఆయప్పను రమ్మన్నాను. మీరూ రాండి, మొగం మీదనే అడుగుదాం."

నేనూ నాయనా పలమనేరు మీదుగా బస్సులో కుప్పం పోయాం. ఆ మనిషి రైలు దిగి ఆటోలో నర్సరీకి వచ్చాడు. టై కట్టుకున్న కుర్రవాడు, తమిళం కలిసిన తెలుగు. షేడ్‌నెట్ కింద, అమ్ముడుపోని మామిడి అంట్ల మధ్య, కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. చిన్నమ్మ మజ్జిగ ఇచ్చింది. అతను గుక్క తాగేలోపే నాయన మొదలుపెట్టాడు.

"నువ్వు ఆ కంపెనీ మనిషివేనా?"

"కంపెనీకి పార్ట్‌నర్ మాదిరి సార్."

"మాదిరి అంటే ఏమి? కార్డు సూపియ్యి."

కార్డు మీద ఇంకేదో పేరుంది. ఆ కంపెనీకీ ఇతనికీ ఏ సంబంధమూ లేదు. అది తేలిపోయాక అతని ముఖం చిన్నబోయింది. చిన్నాయన గొంతు పెంచాడు. "అయితే నా పేజీని తీసేసిందెవురు? నువ్వా, ఆ బెంగుళూరు నర్సరీ వాడా?"

"నేను కాదు సార్, సత్యంగా. అది మెషీన్ సార్. ఏదో లెక్క పెట్టుకుని ఉంటారు. ఆ లెక్కను మారుస్తారు. మార్చినప్పుడు కొందరు పడిపోతారు."

"ఏం లెక్క?" అన్నాను నేను.

అతను మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "నిజం చెప్తే మాకూ తెలీదక్కా. చెప్పరు. మేము ఊహించి ఏదో చేస్తాం. ఒక్కోసారి పైకొస్తుంది. పోయిన నెల మా ఆఫీసు పేజీయే కనపడకుండా పోయింది."

"ప్రకటన ఇస్తే పైన పెడతారా?"

"దానికీ దీనికీ సంబంధం లేదంట."

"అని ఎవురు సెప్పినారు?" అని నాయన అడిగాడు.

"వాళ్లే సార్."

ఆ మాటతో అక్కడ ఎవరికీ కోపం మిగల్లేదు. చిన్నాయన అతనికి పని ఇవ్వలేదు గానీ, పోతూ పోతూ ఒక సపోటా అంటు చేతిలో పెట్టి పంపించాడు.

చిన్నాయనకు మాత్రం అనుమానం తీరలేదు. ప్రకటనలో ఉన్న నంబరుకు ఫోను చేసి ఆ బెంగుళూరు నర్సరీ యజమానిని కడిగేద్దామనుకున్నాడు. ఫోను స్పీకరులో పెట్టాడు. అటు పెద్దాయన గొంతు, కన్నడం కలిసిన తెలుగు. చిన్నాయన చెప్పిందంతా విని ఆయన నిట్టూర్చాడు. "నేనెక్కడ తోసేది స్వామీ నిన్ను? నేను కడుతూ ఉంటే నాకంటే ఎక్కువ ఇంకొకడు కడతాడు, నన్ను కిందికి దించుతారు. కట్టకుంటే నేనూ కనపడను. ఎవరికి చెప్పుకోవాలి?" అన్నాడు. ఇద్దరూ ఆ తర్వాత చాలాసేపు అంటు ఎప్పుడు కట్టాలి, ఏ మట్టి మంచిది అని మాట్లాడుకున్నారు.

ఆ ఏడు మిగిలిన అంట్లలో సగం కుండీల్లోనే ఎండిపోయాయి. చిన్నాయన పనివాళ్లను తగ్గించుకున్నాడు. తర్వాత ఒక పెయింటరును పెట్టుకుని పలమనేరు రోడ్డు పొడుగునా, ఒప్పుకున్నవాళ్ల గోడల మీద నర్సరీ పేరూ ఫోను నంబరూ రాయించడం మొదలుపెట్టాడు. మెల్లగా మనుషులు రాసాగారు. కారుల్లో కాదు, బస్సుల్లోనూ ట్రాక్టర్లలోనూ.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక ఒక పొద్దున సెంటరు తెరిచి, అలవాటు కొద్దీ డబ్బాలో అదే మాట కొట్టాను. చిన్నాయన పేజీ పైనుంచి రెండోది. నేను వేలు పెట్టింది లేదు, ఫోటో కూడా మార్చలేదు. మళ్లీ కొట్టి చూశాను. ఉంది. పక్క సిస్టంలో చూశాను. ఉంది. సంతోషపడాల్సింది. కానీ ఎవరో ఇంట్లో లేనప్పుడు వచ్చి సామాను సర్దిపోయినట్టు అనిపించింది.

నాయనకు చెబితే, "ఎవురు పెట్టినారు?" అన్నాడు.

"తెలీదు నాయనా."

"ఏంటికి పెట్టినారు?"

"అదీ తెలీదు."

ఆయన తల ఊపి పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు.

చిన్నాయన మాత్రం ఫోనులో పొంగిపోయాడు. "వచ్చిందా! మన పేజీ మనకొచ్చింది గదమ్మా, ఇంగేమి కావల్ల? మళ్లీ అంట్లు ఎక్కువ కడదామా?"

"పోయినేడు కట్టినన్ని వద్దు చిన్నాయనా. ఆ పెయింటరు యాడుండాడు ఇప్పుడు?"

"బైరెడ్డిపల్లె పక్క రాస్తాండాడు. పనైపోయినట్టే గదా, ఆపెయ్యమని సెప్తా."

"ఆపద్దు," అన్నాను. "ఆ రోడ్డంతా రాయించు."

 వెనుక చిన్నమ్మ ఎవరితోనో మాట్లాడుతున్న మాటలు వినబడ్డాయి. తర్వాత, "సరేలేమ్మా, ఇంగో డబ్బా రంగు తెప్పిస్తా," అని ఫోను పెట్టేశాడు.