తాళి దగ్గర ఆగిన లైవ్

రేపల్లె చుట్టుపక్కల పెళ్ళికి లైవ్ పెట్టాలంటే అందరూ మా బ్రహ్మాజీనే పిలిచేవాళ్ళు. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకెళ్ళేవాడు, వీడు కెమెరా పట్టాడు. ఇప్పుడు బాపట్లలో చిన్న కొట్టు పెట్టుకుని పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటున్నాడు. లైవ్ అంటే మొహం తిప్పుకుంటాడు.

నేను మండపాలు కడతాను కాబట్టి వాడి తిప్పలన్నీ దగ్గరుండి చూశాను. ఫోన్లో ఫైవ్ జీ అని కనబడగానే ఇక దేనికీ అడ్డుండదనుకునే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఖాళీ మండపంలో సిగ్నల్ ఎవరికైనా వస్తుంది. ముహూర్తం వేళకి ఐదొందల మంది తలా ఒక వీడియో కాల్ చేస్తే ఊళ్ళో ఉన్న ఒక్క టవర్ ఏం చేస్తుంది?

అందుకే వాడు నాలుగు కంపెనీల సిమ్ములు పెట్టుకుని, క్వాలిటీ బాగా తగ్గించి పంపేవాడు. "మసగ్గా ఉంటే ఉందిలే బాబాయ్, ఆగకుండా పోవాలి" అనేవాడు. ఆ పద్ధతి ఒక్కసారే తప్పాడు.

భట్టిప్రోలులో భాగ్యశ్రీ పెళ్ళి. తండ్రి లక్ష్మయ్య చేపల వ్యాపారి, తెనాలి ఆస్పత్రిలో మంచం పట్టి ఉన్నాడు. అయినా ముహూర్తం మార్చొద్దని పట్టుబట్టింది ఆయనే. కూతురి మెళ్ళో తాళి పడటం కళ్ళారా చూసి, ఆ క్షణానే అక్షింతలు వెయ్యాలని ఆయన ఆశ. ముందురోజు బ్రహ్మాజీ ఆస్పత్రికెళ్ళి, లైవ్ ఎట్టా వస్తుందో ఫోన్లో చూపిస్తే, "మొహాలు ఆనటం లేదురా అబ్బాయ్" అన్నాడట. వీడి మనసు కరిగిపోయింది. పెళ్ళిరోజు క్వాలిటీ మొత్తం పెంచేశాడు. "వద్దురా" అన్నాను. వినలేదు. నేనూ గట్టిగా చెప్పలేదు, అదే నా బాధ.

పెళ్ళికొడుకు మంగళసూత్రం పట్టుకుని లేచాడు. మండపంలో ఫోన్లన్నీ పైకి లేచాయి. తెనాలిలో బొమ్మ అక్కడే నిలిచిపోయింది.

"ఇంకా కట్టడేంటమ్మా?" అన్నాడట లక్ష్మయ్య, గుప్పిట్లో అక్షింతలతో.

"సిగ్నల్ పోయిందన్నయ్యా. కట్టేసుంటాడులే" అంది ఫోను పట్టుకుని కూర్చున్న చెల్లెలు లక్ష్మీతిరుపతమ్మ.

"నా రోగం సంగతి కూడా ఇట్టాగే దాచారుగా. పెళ్ళి ఆగిపోయింది. మీరు చెప్పరు."

ఎంత చెప్పినా నమ్మలేదు. చాలాసేపటికి ఫోను కలిసి, మండపం నుంచి భార్య వెంకటసుబ్బులు పెళ్ళయిందని ఏడుస్తూ ఒట్టేసింది. ఆ ఏడుపు విన్నాక ఆయన అనుమానం ఇంకా గట్టిపడింది.

సంగతి తెలిసి బ్రహ్మాజీ రికార్డయిన పెళ్ళంతా ఫోన్లోకి ఎక్కించుకుని తెనాలికి బండి తీశాడు. నేను వెనక కూర్చున్నాను. మేం వెళ్ళేసరికి లక్ష్మయ్య పోయి పావుగంటయింది. కూతురి పెళ్ళి చెడిపోయిందనుకుంటూనే పోయాడు.

"నేనే చేశానత్తా ఇదంతా" అంటూ బ్రహ్మాజీ గోడవారన కూలబడ్డాడు. వాణ్ణి చూస్తే నాకూ ఏడుపాగలేదు.

"తెచ్చావుగా, పెట్టు నాయనా" అని తిరుపతమ్మ ఫోను తీసుకుని అన్నయ్య మొహానికి ఎదురుగా పట్టుకుంది. తాళి కట్టడం, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ వరసగా వచ్చాయి. ఎక్కడా ఆగలేదు.