దుర్గారావు పిల్లర్లు

చిలకలపూడిలో దుర్గారావు చేసే గొలుసుకి ఓ పేరుంది. రాగితీగ అల్లి, అతికి, పైన పూత పెట్టి ఇచ్చాడంటే పెళ్లిపందిట్లో పక్కనున్న అసలు గొలుసు వెలవెలబోవాల్సిందే. అయినా ముప్పై ఏళ్లలో ఒక్కరికీ దాన్ని బంగారమని అమ్మలేదు. కొనేవాళ్లు అడక్కపోయినా, ఇది రోల్డుగోల్డేనండి అని తనే ముందు చెప్పేవాడు. అలాంటి మనిషి అరవయ్యేళ్లు దగ్గరపడ్డాక చేసిన పని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇల్లు రెండు గదుల స్లాబు. వెనక గదిలో పూత పని. ఆ యాసిడ్ పొగ పీల్చి పీల్చి భార్య రేవతికి ఆయాసం పట్టుకుంది. ఆ పని ఇంట్లో వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పూత బయట ఇచ్చేయొచ్చు కదా అంటుంది రేవతి. తన గొలుసుకి మరొకడి పూతా? ప్రాణం ఒప్పలేదు దుర్గారావుకి. పైన ఒక గది వేసి పనంతా అక్కడికి మారుస్తానని పట్టుబట్టాడు. నీ కోసమే కదా అని రోజుకి పదిసార్లు అనేవాడు.

పిల్లర్లు లేని ఇంటి మీద పై అంతస్తుకి పర్మిషన్ రాదని ఇంజనీరు తేల్చేశాడు. ఇరవయ్యేళ్ల క్రితం ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ ఎదురింటి మజీద్. నేల మెత్తన, పిల్లర్లు వేద్దాం బావా అని అప్పుడే బతిమాలాడు. గోడలు చాలని దుర్గారావే వినలేదు. ఇప్పుడేం చేశాడయ్యా అంటే, నాలుగు ఆదివారాలు కూర్చుని మూలమూలకీ ఇటుక ముక్కలు పేర్చి, సిమెంటు మెత్తి, తన చేత్తో తనే పిల్లర్లు తయారుచేశాడు. ఇంకో ఇంజనీరు చేత ప్లాను గీయించి కార్పొరేషన్‌లో పెట్టాడు. రేవతి వద్దని మొత్తుకుంటే, కట్టుబడి సంగతులు నీకేం తెలుసని కసిరాడు. 

పది రోజులకి కబురొచ్చింది. ఈ ఇంటి పిల్లర్లు నిజమైనవో కావో చూడమని సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో ఎవరో అర్జీ ఇచ్చారట. ఎవరో ఏమిటి, మజీదే అనుకున్నాడు దుర్గారావు. లోపలి సంగతి తెలిసింది అతనికే కదా. టీ కొట్టు దగ్గర, మజీద్ వింటుండగానే, ఎదుటివాడి ఇల్లు పైకి లేస్తుంటే ఓర్చుకోలేని బుద్ధి అని పదిమందిలో అనేశాడు. మజీద్ గ్లాసులో టీ అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ సెక్రటరీ హాసిని వచ్చింది. ముప్పై కూడా నిండని పిల్ల. పిల్లరు అంచు మీద వేలితో రాసి చూసింది. గొలుసు కొక్కేనికి ఆకురాయి పట్టినట్టే సిమెంటుకీ పట్టాడు మహానుభావుడు. అలవాటు ఎక్కడికి పోతుంది.

"ఇంత నున్నగా ఏ మేస్త్రీ తియ్యడండి. ఇక్కడ కొంచెం పగలగొట్టండి," అంది.

సుత్తి దుర్గారావే పట్టుకోవాల్సి వచ్చింది. రెండు దెబ్బలకి ఇటుక ముక్కలు రాలాయి. లోపల ఒక్క ఇనప ఊచ లేదు. వీధి వీధంతా గుమ్మంలోనే ఉంది. ఇల్లు కట్టిన మేస్త్రీ ఎవరని హాసిని అడిగింది. మజీద్ జనంలోంచి ముందుకొచ్చాడు.

"నేనేనండి. అప్పుడే పిల్లర్లు వెయ్యకపోవడం నా తప్పు. ఆయన్నేమీ అనకండి."

దుర్గారావుకి తల తీసేసినట్టయింది. కాదు, తప్పు నాది అనాలి. చేతిలో సుత్తి కింద పెట్టాడంతే. పర్మిషన్ రాదని చెప్పి, అర్జీ కాపీ అందినట్టు సంతకం పెట్టమంది హాసిని. పెన్ను తీసుకుని కాగితం వంక చూశాడు. అర్జీదారు పేరు దగ్గర ఉన్నవి రేవతి అక్షరాలు.

రేవతి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆయాసానికి మందులున్నాయండీ," అంది. "ఆ గది కూలి ఎవరి మీదన్నా పడితే, పెళ్లాం కోసం కట్టాడనే అంటారు. ఆ మాట నేను మొయ్యలేను."

ఎలా పెట్టాడో సంతకం పెట్టాడు. కాగితం తిరిగి ఇస్తూ అప్పుడన్నాడు.

"రాసుకోండమ్మా. మజీద్ బావ వేద్దామన్నాడు, నేనే వద్దన్నాను. ఇవి చేసిందీ నేనే."

ఆవేళ టీ కొట్టు దగ్గర ఉన్న పదిమందీ గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నారు. దానివల్ల సిగ్గేమీ తగ్గలేదు. హాసిని వెళ్లిపోయాక జనం పల్చబడ్డారు. మజీద్ మాత్రం లుంగీ పైకి కట్టి సుత్తి అందుకున్నాడు.

"మిగిలినవి నేను తీస్తాను బావా. నువ్వు కొడితే గోడ కదుల్తుంది."

పొద్దుగూకేదాకా దుర్గారావు ఇటుక ముక్కలు తట్టకెత్తి మోస్తూనే ఉన్నాడు, ఒక్కసారీ అతని మొహంలోకి చూడలేకపోయాడు. మర్నాడు గొలుసులన్నీ మూటకట్టి, పూత కోసం వేరేవాళ్ల ఇంటికి బయల్దేరాడు. ఎక్కడికని అడిగింది రేవతి. నీ కోసమే అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది కానీ, అనలేక చెప్పులేసుకుని బయటికి నడిచాడు.