నిట్టాడిలో దరువు

ఫల్గుణ మా షాపుకు వచ్చిన రోజు నా మూడ్ బాగాలేదు. విశాఖపట్నంలో సంగీత వాయిద్యాలు అమ్మే షాపులో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాను. కొనకుండా ఊరికే వాయించి పోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇతను డిజిటల్ పియానోల దగ్గర రెండు గంటలు కూర్చున్నాడు, అదీ సౌండ్ పూర్తిగా తగ్గించేసి, కళ్ళు మూసుకుని, ఉత్త కీస్ నొక్కుతూ.

"ఏం బాబూ, చెవులతో పనిలేదా?" అన్నాను.

"బరువు సూత్తన్నాను సార్," అన్నాడు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

అరకు దగ్గర కొండమీద ఊరు. ఆశ్రమ పాఠశాలలో చదువు, హాస్టల్ పక్కనున్న చర్చిలో కీబోర్డు నేర్చుకున్నాడు. పదేళ్ళుగా రిసార్టుల్లో టూరిస్టులు అడిగిన పాటల్లా వాయిస్తూ ఇల్లు నడుపుతున్నాడు. ఇప్పుడు బీచ్ రోడ్డులో ఒక హోటల్ పిలిచింది. అక్కడున్నది నిజం పియానో. నెల తిరిగేసరికి దానిమీద వాయించి మెప్పించాలి. కీబోర్డులోని తేలికైన స్ప్రింగ్ కీస్ మీద పెరిగిన అతని వేళ్ళు ఆ బరువు ముందు మొరాయించాయట.

నేను పదకొండు కిలోల మోడల్ చూపించాను. బస్సెక్కించుకోవచ్చు, భుజాన వేసుకోవచ్చు. అతను మాత్రం ఇరవైమూడు కిలోలదాని దగ్గరికే వెళ్ళాడు. దాని ప్రతి కీ వెనకా చిన్న సుత్తి ఉంటుంది. నొక్కితే లేస్తుంది, వదిలితే పడుతుంది. అచ్చం పియానోలాగే ఎడమవైపు బరువు, కుడివైపు తేలిక.

"హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా దబదబమని సుత్తుల చప్పుడొస్తుంది. ఇంట్లోవాళ్ళు తిడతారు," అని హెచ్చరించాను.

"మా యమ్మకి సెవుడు సార్. నా ఏడో ఏట జొరమొచ్చి సెవులు పోనాయి. నాను వాయించింది ఒక్క పాటా ఇననేదు," అన్నాడు.

ఆ మాటకు నా కోపమంతా చల్లారిపోయింది. ఎడమచేతి వేళ్ళు గట్టిపడేందుకు ఒక వ్యాయామం కాగితం మీద రాసిచ్చాను. అతను దాన్ని కొని తీసుకెళ్తుంటే, నచ్చకపోతే పదిరోజుల్లో వెనక్కివ్వమని కూడా చెప్పాను.

ఎనిమిదోరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "సార్, బేగి వచ్చి పట్టుకుపోండి. మా యమ్మ మూడు రోజులై ముద్ద ముట్టడం నేదు. ఈ పెట్టి ఉంటే బతకదు."

మళ్ళీ నాకు చిర్రెత్తుకొచ్చింది. పియానోకూ అన్నం తినకపోవడానికీ ఏమిటి సంబంధం? షాపు వ్యాను వేసుకుని ఘాట్ ఎక్కాను. అనంతగిరి దాటాక పొగమంచు అద్దాలకు అంటుకుపోయింది. పగలు పదకొండైనా లైట్లు వేసుకునే వెళ్ళాను.

ఒకే గది ఇల్లు. మధ్యలో పైకప్పును మోసే నిట్టాడి. దాన్ని ఆనించి వేసిన బల్లమీద పియానో. స్తంభానికి అవతల ఫల్గుణ తల్లి సోములమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. కళ్ళు లోతుకుపోయాయి. పక్కన అంబలి గిన్నె నిండుగా అలాగే ఉంది. ఆమె అరచెయ్యి నిట్టాడి మీద ఉంది.

"ఇది వాయిత్తంటే మా యమ్మ మా అయ్య దరువంటాది సార్," అన్నాడు ఫల్గుణ.

వాళ్ళ నాన్న బుధు తుడుము వాయించేవాడు. ఊళ్ళో పెళ్ళికైనా చావుకైనా అతని డోలే. చావుదరువు ఇంటిదగ్గర మొదలుపెడితే మట్టిచేసేదాకా ఆపకూడదని అక్కడి పట్టింపు. ఆపితే పోయినవాడు దారిలోనే నిలబడిపోతాడట. ఫల్గుణకు నాలుగేళ్ళప్పుడు ఊరి పక్కన పారే గెడ్డ పొంగి బుధును ఈడ్చుకుపోయింది. అందరినీ సాగనంపినవాణ్ణి సాగనంపడానికి ఆ దరువు తెలిసినవాడే ఊళ్ళో లేకపోయాడు.

"నాకు ఆ దరువే తెల్దు సార్. మీరు రాసిచ్చిందే కొడతన్నాను."

"అయితే కొట్టు, చూద్దాం," అన్నాను.

హెడ్‌ఫోన్స్ నేను పెట్టుకున్నాను. నా వ్యాయామమే. నాలుగు సమానమైన దెబ్బలు, మళ్ళీ నాలుగు, ఎక్కడా తప్పులేదు. ముసలామె భ్రమను తేల్చేద్దామని నిట్టాడి మీద చెయ్యి వేశాను. కర్రలో మూడు దెబ్బలు. ఆగి, రెండు. మళ్ళీ మూడు. చెవుల్లో నాలుగు, చేతిలో మూడు. చెయ్యి లాగేసుకున్నాను. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నమ్మకం లేనివాడికీ భయం వేస్తుందని ఆ క్షణం దాకా తెలియదు.

నా ముఖం చూసి ఫల్గుణ ఆపేశాడు.

"రోజూ సగంలోనే ఆపీతన్నావురా!" అని అరిచింది సోములమ్మ. "మీ అయ్య గుమ్మంలో నిలబడిపోతన్నాడు. ఆడు అలా నిలబడుంటే నాకు ముద్దెలా దిగుద్ది? కడదాకా కొట్టు!"

గుమ్మం వైపు చూడకుండా ఉండటానికి నేను చాలా కష్టపడ్డాను.

ఫల్గుణ ఏడుస్తూనే మళ్ళీ మొదలుపెట్టాడు. ఎంతసేపని చెప్పను? పొగమంచు విడిపోయి, వాకిట్లో ఎండ వచ్చి, ఆ ఎండ గుమ్మం దాటి లోపలికి జరిగింది. అతని మణికట్లు వాచాయి. నేను ధైర్యం చేసి మళ్ళీ నిట్టాడి పట్టుకున్నాను, ఒక్కణ్ణే వదిలేయడం బాగుండదనిపించి.

"సాలు," అంది సోములమ్మ.

చెవులు వినపడని తల్లి మాటకు కొడుకు టక్కున చేతులు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ఆ చేతుల వైపే చూస్తున్నాను. అవి కదల్లేదు. నా అరచేతి కింద మాత్రం దరువు సాగుతూనే ఉంది. మూడు, రెండు. మూడు, రెండు. ఒక్కో దెబ్బకూ మెత్తబడుతూ, గెడ్డ దిక్కుకు దూరమైపోతూ, చివరికి ఉత్త కర్ర మిగిలింది.

"ఎల్లిపోనాడు," అందామె. పియానోను తీసుకెళ్ళే మాట మా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

కాసేపటికి ఆమె కొడుకు వాచిన చేతులు పట్టుకుని నిమిరింది. "ఇప్పుడు నీ పాట కొట్టు నాయినా. నీ పాట నాను ఒక్కపాలీ ఇననేదు," అంది.

ఫల్గుణ వాయించాడు. ఆమె నిట్టాడికి చెంప ఆనించి వింటూ, అంబలి గిన్నె అందుకుంది.