మూడో బేసు దగ్గర నా కాపురం

ఆ రోజుల్లో శుక్రవారం అంటే విశ్రాంతి అనుకునేవారు అందరూ. నాకు మాత్రం వారం మొత్తంలో బాగా అలసిపోయే రోజు అదే. ఇప్పుడు ఏ పనీ లేని ఈ వయసులో, గల్ఫ్‌లోనే ఉమ్ ఘువైలినా అనే పేటలో అమ్మాయి వాళ్ళ ఫ్లాట్‌లో కూర్చుని పాత డైరీలు వరసగా తిరగేస్తుంటే, దుఖాన్ అనే చమురు ఊళ్ళో ఉన్న కాలమంతా ప్రతి శుక్రవారం కిందా దాదాపు ఒకటే మాట కనిపిస్తోంది: "ఎండ. బంతి మళ్ళీ వదిలేశాను." కొన్ని చోట్ల "ఎండ" అని కూడా రాయలేదు, ఓపిక లేక కాబోలు. డైరీ రాయడంలో నేనెప్పుడూ క్రమం తప్పలేదు. బంతి వదిలేయడంలోనూ అంతే.

పెళ్ళయిన నెల తిరక్కుండానే నేను దుఖాన్ చేరాను. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క ఇసుక, మధ్యలో చమురు గొట్టాలు. కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తా ఉద్యోగం. ఏ బోల్టు ఏ అరలో ఉండాలో ఆ అరలోనే ఉంచడం నా పని (ఈ పనికి దేవుడు నన్ను ప్రత్యేకంగా తయారుచేశాడని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది). ఉండటం బ్యాచిలర్ క్యాంప్‌లో. గదిలో నాతోపాటు ఉండేది జగిత్యాల అన్న. క్రేన్‌కు బరువులు కట్టే రిగ్గర్. నాకంటే పెద్దవాడు, అంతకంటే పెద్ద గొంతు గలవాడు. మా ఆవిడేమో కోనసీమలో వాళ్ళ పుట్టింట్లో ఉంది. ఆమె రావాలంటే నాకు ఫ్యామిలీ క్వార్టర్ రావాలి. ఆ క్వార్టర్లు మా ఆటస్థలానికి అవతలి అంచున, పొట్టి ప్రహరీ గోడలతో వరసగా ఉండేవి. ఆ గోడల మీద ఆరేసిన చీరలు చూస్తూ నేను ఎన్ని సాయంత్రాలు గడిపానో డైరీలో రాయలేదు, సిగ్గేసి.

క్వార్టర్ కాగితం మీద సంతకం పెట్టవలసింది మా సెక్షన్ సూపరింటెండెంట్. అమెరికా మనిషి. మేం పెద్దాయన అనేవాళ్ళం. దుఖాన్‌లో బేస్‌బాల్ మొదలుపెట్టించింది ఆయనే. ప్రతి శుక్రవారం మూడో బేసు (పరిగెత్తేవాడు తాకుతూ వెళ్ళే నాలుగు గుర్తుల్లో మూడోది) పక్కన గొడుగు పాతించుకుని, కుర్చీ వేయించుకుని, నల్ల కళ్ళద్దాలూ టోపీ పెట్టుకుని, కదలకుండా మెదలకుండా ఆట అయ్యేదాకా కూర్చునేవాడు. ఆయన కంట్లో పడినవాడి కాగితమే పైకి వెళుతుందని క్యాంప్ అంతా నమ్మేది. అలాగని ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. అందుకే అందరూ మరీ గట్టిగా నమ్మేవాళ్ళు.

నేను ఆ ఆటలోకి వచ్చిన తీరు చిత్రంగా ఉంటుంది. ఓ సాయంత్రం క్యాంప్ వెనక మావాళ్ళు క్రికెట్ ఆడుతుంటే, నేను కొట్టిన బంతి కంచె దాటి, రోడ్డు దాటి, వర్క్‌షాప్ రేకుల మీద పడింది. లోపలినుంచి ఒక ఫిలిప్పీన్స్ మెకానిక్ బంతి చేతిలో పట్టుకుని పరుగున వచ్చాడు. తిడతాడనుకుని నేను అన్న వెనక దాక్కున్నాను. అతను తిట్టడానికి రాలేదు, వెతుక్కుంటూ వచ్చాడు. అతనే మా బేస్‌బాల్ జట్టు కెప్టెన్. అందరూ కుయా అని పిలిచేవారు, వాళ్ళ భాషలో అన్న అని అర్థం. ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ మూడూ కలిపి గల్ఫ్‌లో అందరూ మాట్లాడే ఆ కలగూరగంప భాషలోనే మాట్లాడేవాడు. "ఎవరు కొట్టింది? నువ్వా? యల్లా, నాతో రా," అన్నాడు.

మొదటి ఆటలోనే బంతిని మైదానం అవతల పడేశాను. సిక్సర్ కదా, ఇంక పరుగెందుకని బ్యాటుకు ఆనుకుని హాయిగా నిలబడ్డాను. "రన్! రన్!" అని కుయా జుట్టు పీక్కుంటున్నాడు. ఈ ఆటలో ఎంత దూరం కొట్టినా నాలుగు బేసులూ తిరిగి రావలసిందేనని అప్పుడు తెలిసింది. సరేనని బయలుదేరాను, చేత్తో బ్యాటు పట్టుకునే. ప్రతి బేసు దగ్గరా ఆగి, వంగి, బ్యాటు కొసతో బేసును తాకించి మరీ ముందుకు వెళ్ళాను. అవతలి జట్టువాళ్ళు కూడా కూర్చుని నవ్వారు. అంపైర్ నవ్వు ఆపుకోలేక నన్ను అవుట్ చేయడం మరిచిపోయాడు.

కొట్టడం వరకు అలా గడిచిపోయింది. చిక్కంతా ఫీల్డింగ్‌లో వచ్చింది. నన్ను మూడో బేసు దగ్గర నిలబెట్టారు. బంతి వస్తుంటే అడ్డమనిపించి గ్లవ్ తీసి చంకలో పెట్టుకుని రెండు చేతులూ చాపేవాణ్ణి. ఆ బంతి దెబ్బకు అరచేతులు వాచి సోమవారం దాకా కలం పట్టుకోనిచ్చేవి కావు. ఎప్పుడైనా బంతి దొరికినా అదో అనర్థం. కొట్టినవాడు మొదటి బేసుకు పరిగెడతాడు కాబట్టి వాడికంటే ముందు బంతి అక్కడికి చేరాలి. నేనేమో చిన్నప్పటినుంచీ బంతి దొరికితే వికెట్ కీపర్‌కి విసరడం తప్ప ఇంకోటి ఎరగను. కొట్టేవాడి వెనక ముసుగు పెట్టుకుని కూర్చునే క్యాచర్ నా కంటికి అచ్చం కీపర్‌లాగే ఉండేవాడు. ప్రతి బంతీ నేరుగా అతనికే. అతనికి ఆ బంతితో పనేమీ ఉండేది కాదు. పట్టుకుని నావంక జాలిగా చూసేవాడు.

"ఏంది తమ్మీ," అని గట్టు మీద కూర్చున్న అన్న అరిచేవాడు, "బాలును పట్టుమంటే దండం పెడ్తవేంది? గా ముసుగోనికి నువ్వేమన్న బాకీ ఉన్నవా? దినాం ఆనికే ఇస్తున్నవ్!"

ఇక ఇలా కాదని ఓ శుక్రవారం మధ్యాహ్నం మెస్‌లో కుయా పంచాయితీ పెట్టాడు. మధ్యలో పప్పు గిన్నె పెట్టి అది క్యాచర్ అన్నాడు. ఉప్పు డబ్బా మొదటి బేసు, టీ మగ్గు రెండోది, మా అత్తగారు పంపిన ఆవకాయ సీసా మూడోది. అంటే నేను. "బ్యాట్ జైన్," అన్నాడు కుయా, అంటే బ్యాటింగ్ బాగుందని. "గ్లవ్ మాఫీ జైన్." ఇది బాగాలేదని. అంటూనే ఆవకాయ సీసాను ఎత్తి బల్ల చివరన పెట్టాడు. "లెఫ్ట్ ఫీల్డ్. అక్కడికి బంతి తక్కువ వస్తుంది. నువ్వు హ్యాపీ, నేను హ్యాపీ."

లెఫ్ట్ ఫీల్డ్ అంటే మూడో బేసుకు బాగా వెనక, మైదానం చివర. అక్కణ్ణించి చూస్తే పెద్దాయన గొడుగు పుట్టగొడుగంత కనిపిస్తుంది. అక్కడున్న నేను ఆయనకు ఏపాటి కనిపిస్తాను! కనిపించకపోతే సంతకమెక్కడిది, క్వార్టరెక్కడిది, మా ఆవిడ ఎక్కడిది? నేను సీసా తెచ్చి మళ్ళీ మూడో బేసులో పెట్టాను. కుయా తీసి బల్ల చివర పెట్టాడు. నేను మళ్ళీ తెచ్చాను. అతను మళ్ళీ పెట్టాడు.

"ఏం లొల్లిరా మీది, నేనింక బువ్వ తినలే," అని అన్న విసుక్కుని మూడో బేసును లాక్కుని, మూత తీసి అన్నంలో వేసుకున్నాడు. కలుపుకుంటూ కుయా వైపు తిరిగి హిందీలో చెప్పాడు. "చూడు భాయ్, వీడు ఆడ నిలబడేది ఆటకు కాదు. కొత్తగ పెండ్లయింది. పెద్దసారుకు కనవడకుంటే వీని పెండ్లాం రాదు." మళ్ళీ నావైపు తిరిగి, "అంతే కదరా? మరదలు ముచ్చట చెప్పనీకి సిగ్గయితున్నదా?" అన్నాడు.

కుయా పప్పు గిన్నె వంక చూశాడు. అతని భార్యా వాళ్ళ దేశంలోనే ఉంది. వచ్చే ఏడు వస్తుందని ఏటా చెప్పేవాడు. చివరికి అన్న చేతిలోంచి సీసా తీసుకుని మూడో బేసులో పెట్టాడు. "ఓకే. ఫైనల్ దాకా ఇక్కడే. కానీ రోజూ ప్రాక్టీస్. ఫైనల్‌లో తప్పు చేస్తే, ఖలాస్. లెఫ్ట్ ఫీల్డ్."

ఆ తర్వాతి రోజుల అలసట తలుచుకుంటే ఇప్పటికీ భుజం లాగుతుంది. డ్యూటీ అయ్యాక కుయా బంతులు కొట్టేవాడు, నేను పట్టి మొదటి బేసుకు విసరాలి. అక్కడ అన్న ఓ రేకు బకెట్టు వాయిస్తూ నిలబడేవాడు. "ఇటు! ఇటు! నేనీడున్న! నీ కీపరు సచ్చిండనుకో!" కుయా వెనకనుంచి "ఫస్ట్! ఫస్ట్!" గ్లవ్ మళ్ళీ తీయకుండా నా చేతికి గుడ్డపీలికతో కట్టేశారు. పోను పోను నాకు క్యాచర్ కనిపించడం మానేశాడు. స్టోర్స్‌లో ఎవరైనా వెనకనుంచి పిలిస్తే చేతిలో ఉన్న నట్టును ఎడమవైపుకు విసిరేసే స్థితికి వచ్చాను.

ఫైనల్ డ్రిల్లింగ్ సెక్షన్ వాళ్ళతో. పెద్దాయన యథాప్రకారం గొడుగు కింద, చేతులు పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు నేను రెండు బంతులు కంచె దాటించాను. బ్యాటు వదిలేసే పరిగెత్తాను. ఒక్కటీ వదల్లేదు. ఓరకంట గొడుగు వైపు చూసుకుంటూ, మనసులో క్వార్టర్‌కు కర్టెన్లు కూడా కుట్టించేశాను.

ఆఖరి ఘట్టానికి లెక్కలు సమానం. వాళ్ళవాడు ఒకడు మూడో బేసు మీద, నా పక్కనే ఉన్నాడు. వాడు క్యాచర్ దగ్గరికి చేరితే వాళ్ళు గెలిచినట్టే. మాకు ఇంకా ఇద్దర్ని అవుట్ చేయవలసి ఉంది. బంతి నేల మీద దొర్లుతూ నేరుగా నా దగ్గరికి వచ్చింది. జీవితంలో మొదటిసారి, గ్లవ్ మధ్యలోకి, మెత్తగా వచ్చి కూర్చుంది. నా పక్కవాడు క్యాచర్ వైపు పరుగు అందుకున్నాడు. ఇప్పుడు విసరవలసింది ఆ ముసుగాయనకే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను విసురుతూ వచ్చిన చోటికే. క్యాచర్ రెండు చేతులూ చాచి, "నాకు! నాకు!" అని అరుస్తున్నాడు. కుయా అరుస్తున్నాడు. అన్న గట్టు మీద లేచి నిలబడి అరుస్తున్నాడు.

నేను మొదటి బేసుకు విసిరాను. నా జన్మలో అంత చక్కగా విసరలేదు. బంతి గీత గీసినట్టు వెళ్ళి అక్కడి మనిషి చేతిలో పడింది. అతను దాన్ని పట్టుకుని అయోమయంగా చూశాడు. ఈలోగా వాళ్ళవాడు తీరిగ్గా చేరుకున్నాడు, డ్రిల్లింగ్ వాళ్ళు గెలిచారు.

అన్న దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "తమ్మీ, మస్తు ఏసినవ్‌రా," అన్నాడు. ఆగి, "కని ఎందుకేసినవ్?" అన్నాడు. కుయా ఇసుకలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ, అది నవ్వో ఏడుపో తెలియకుండా, "థ్రో జైన్, చాలా జైన్," అన్నాడు. "వచ్చే వారం లెఫ్ట్ ఫీల్డ్." నేను తలూపాను. గొడుగు వైపు చూశాను. పెద్దాయన కదల్లేదు. కోపం తారస్థాయికి వెళ్ళిన మనిషి అలాగే ఉంటాడని నాకు తోచింది.

మర్నాడు ఆయన గదికి రమ్మని కబురొచ్చింది. అన్న నాకు తన ఇస్త్రీ చొక్కా ఇచ్చాడు, పంపించేస్తే గౌరవంగా పంపించనీ అని. లోపలికి వెళ్ళేసరికి ఆయన ఏదో కాగితం మీద సంతకం చేస్తూ తలెత్తకుండానే, "నీ క్వార్టర్ వచ్చింది. వరస ప్రకారం నీ వంతు. తాళం కింద ఆఫీసులో తీసుకో," అన్నాడు. నా నోటినుంచి వచ్చింది రాకూడని మాట. "సార్, నిన్నటి ఆటలో ఆ చివరి బంతి..." అన్నాను.

"ఎవరు గెలిచారు?" అన్నాడాయన.

నేను తెల్లబోయి చూశాను. ఆయన తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "ఇంట్లో పిల్లలు కునుకు తీయనివ్వరు. ఆ గొడుగు కిందే నాకు కాస్త నిద్ర. ఎవరితోనూ అనకు." తర్వాత మర్యాద కోసమన్నట్టు, "నువ్వు కూడా ఆడతావా?" అని అడిగాడు.

తాళం జేబులో వేసుకుని బయటికొచ్చాను. సంతోషంతో గాల్లో తేలవలసిన మనిషిని, వరండాలో నిలబడి చాలాసేపు నొచ్చుకున్నాను. ఆయన నా తప్పులు చూడలేదు, బాగానే ఉంది. నా సిక్సర్లు కూడా చూడలేదన్నమాట!

మా ఆవిడ చలికాలం మొదట్లో దిగింది. అప్పటికి నేను లెఫ్ట్ ఫీల్డ్‌లో కుదురుకున్నాను. అక్కడికి వెళ్ళాక కానీ తట్టలేదు, అది క్వార్టర్ల ప్రహరీ గోడకు ఆనుకునే ఉంటుందని. శుక్రవారాలు ఆవిడ గోడకు అటుపక్క స్టూలు వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేది. బంతి వచ్చేది తక్కువ, కబుర్లు ఎక్కువ. "అందరూ అక్కడుంటే మిమ్మల్నొక్కళ్ళనే ఇంత దూరంగా నిలబెట్టారేమండీ?" అని మొదటిరోజే అడిగింది. "ఇది ముఖ్యమైన చోటు," అన్నాను. నమ్మింది. ఓసారి బంతి నిజంగానే నా మీదుగా వచ్చింది. ఆవిడ చెబుతున్న మాట పూర్తవలేదని నేను తిరిగి చూడలేదు. కుయా దూరం నుంచి చూసి చెయ్యి ఊపాడంతే.

మొన్న అమ్మాయి హాలు సర్దుతూ, టీవీకి ఎదురుగా ఉండే నా కుర్చీని బాల్కనీ తలుపు పక్క మూలకు జరిపింది. "ఇక్కడైతే అటూ ఇటూ తిరిగేవాళ్ళకి అడ్డం ఉండదు నాన్నా, ఏమనుకోకు," అంది. ఏమనుకుంటాను? సీసాను మళ్ళీ తెచ్చి పాత చోట పెట్టే ఓపిక ఇప్పుడు లేదు. కాస్త నొచ్చుకునే ఓపిక మాత్రం ఉంది, అదీ ఓ పూటకే. సాయంత్రానికి మా ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, తన కుర్చీని నా పక్కకు లాక్కుని, ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం పెట్టుకుంది. "ఇక్కడ గాలి బాగుందండీ," అంది. ఆ రాత్రి డైరీలో ఒక్క వాక్యమే రాసుకున్నాను: "చోటు మార్చారు. ఎండ లేదు."