మూలం: కాక, సిరిసిల్ల

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల మీద ఎం.ఫిల్. కోసం పెద్ద వ్యాసం రాశాను. జగిత్యాలలో ఉండే మా గైడు దాన్ని తిరిగిచ్చినప్పుడు ప్రతి పేజీ కల్లంలో మిర్చి ఎండబోసినట్టుంది. తక్కువలో తక్కువ డజను ఎర్ర రీఫిళ్లు అయిపోయి ఉంటాయి.

"పుస్తకమైతే రాసినాయన పేరు, పుస్తకం పేరు, అచ్చేసినోళ్లు, ఏడాది, పేజీ. పేపరైతే తారీఖు. కరపత్రమైతే ఎవలు ఏసిండ్రో గది. ఇవన్నీ మంచిగనే రాసినవ్. మరి గిదేందయ్యా?" అని పేజీ అడుగున వేలు పెట్టారు.

అక్కడ "మూలం: కాక, సిరిసిల్ల" అని ఉంది. దాని కింద "పైన చెప్పిన కాకే". ఆ తర్వాతి పేజీలోనూ కాకే.

"ఎవల కాక?"

"మగ్గం నడిపే పెద్దాయన సార్. చిన్నాయన లెక్క అందరూ కాక అనే అంటరు."

"యూనివర్సిటీకి గూడ కాకనేనా? మనిషి చెప్పిన మాటకు మనిషి పేరుండాలె. పేరు, పని, ఊరు, మాట్లాడిన తారీఖు. సోమవారం ఆఖరు. అది దాటితే నేను సంతకం పెట్టినా తీసుకోరు."

తారీఖులన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి. పేరే లేదు. ఆర్నెల్లు ఆయన ఇంట్లో కూర్చుని చిన్న చెరువంత చాయ్ తాగాను. మొదటిరోజు రెండో మాటకే కాక నన్ను "కొడుకా" అన్నాడు. ఇక పేరు అడిగే సందే దొరకలేదు. ఇన్నాళ్లకు పోయి "నీ పేరేంది" అంటే ఆ మనిషి మొహం ఎలా మారుతుందో తలచుకుంటే నాకు ముద్ద దిగలేదు.

ఆదివారం కోరుట్లలో మా ఇంటి నుంచి స్కూటర్ మీద బయల్దేరాను. బస్సులు బంద్. ఎక్కడికక్కడ వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు, తినందే బండిని వదలడం లేదు. ముద్ద దిగనివాణ్ణి కాస్తా సిరిసిల్ల చేరేసరికి మూడు ఊళ్ల అన్నం తిన్నాను. చివరి పది కిలోమీటర్లు స్కూటరు మూలుగుతూనే ఉంది.

కాక బయటికి పోయాడు. ఆయన భార్య, చిన్నమ్మ, ఒక్కతే ఉంది. ఇదే అదను అనుకున్నాను.

"చిన్నమ్మా, కాక పేరు పూర్తిగ ఎట్ల రాయాలె?"

"మొగని పేరు నా నోట చెప్పిస్తవారా?" అని కొంగు అడ్డం పెట్టుకుంది.

"పోనీ, రేషన్ కార్డున్నదా?"

"నీ కాక జేబుల ఉన్నది. ఏం, బియ్యం మోసుకొస్తవా?"

అంతలోనే కాక వచ్చాడు. ఎందుకో ఆయనా తిన్నగా లేడు. గొంతు సవరించాడు, ఆగి ఉన్న మగ్గాన్ని ఊరికే తుడిచాడు, మళ్లీ గొంతు సవరించాడు.

"కొడుకా, ఒకటి అడుగుత, మనసుల పెట్టుకోకు."

"అడుగు కాక."

"నా ముచ్చట్లన్నీ ఒక పెద్ద సదువుకున్నాయన రాసుకపోయిండని దీక్షా శిబిరంల చెప్పిన. ఆయన పేరేందని అడిగిండ్రు. నాలుక కర్సుకొని వాపసు అచ్చిన." తుడిచిన మగ్గాన్నే మళ్లీ తుడిచాడు. "ఇంతకీ నీ పేరేంది?"

నా గుండెల మీది నుంచి ఓ మరమగ్గం దిగిపోయింది, మోటారుతో సహా.

"నీ పేరు అడుగుదామనే నేను గూడ అచ్చిన కాక."

చిన్నమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి ఆర్నెల్ల సంది ఏం మాట్లాడుకున్నరయ్యా మీరు?"

నేను నా పేరు చెప్పాను, కాక తన పేరు చెప్పాడు. నేను రాస్తుంటే మీదికి వంగి చూశాడు.

"కింద మా బాపు పేరు గూడ రాయి. నేను చెప్పినయన్ని ఆయన కాడ ఇన్నయే."

రాశాను.

సోమవారం గైడుగారు పేజీలన్నీ తిప్పారు. ఒకచోట ఆగారు.

"ఈయన బాపు ఎందుకు మధ్యల?"

"ఈయనకు మూలం ఆయన సార్. చనిపోయిండు."

గైడుగారు కళ్లద్దాల మీది నుంచి నన్ను చూశారు. "ఇంకా నయం, తాతదాక పోలేదు" అని సంతకం పెట్టారు. సిరా ఆరేదాకా నేను ఊపిరి వదల్లేదు. ఆ తర్వాత వదిలిన ఊపిరికి బల్ల మీది కాగితాలన్నీ లేచిపోతే, ఇద్దరం కలిసి ఏరుకున్నాం.